నాలుగు సాఫ్ట్‌వేర్‌లు, ఒక ఏ2 పోస్టర్: ఫైల్ చేయి మారిన ప్రతిచోటా ఏం పోయింది

పని ఇది. ఏ2 సైజు పోస్టర్. రాత్రి సముద్రం, ఒడ్డున దీపస్తంభం, ముందు చిన్న పడవ, పడవ కొయ్యకి వేలాడే లాంతరు. పైన నల్లటి ఇంకు గీతలు, కింద పెయింటింగ్ తరహా రంగులు, దీపస్తంభం నుంచి వచ్చే లేత పసుపు వెలుగు మీద నల్లటి శీర్షిక. కోటెడ్ (నున్నటి పూత ఉన్న) కాగితం మీద నాలుగు రంగుల ఆఫ్‌సెట్ ముద్రణ, అంటే ఒక్కో ఇంకుకి ఒక్కో ప్లేటు. ఐప్యాడ్‌లో ఒక స్కెచ్ యాప్, గీతలకీ రంగులకీ క్రితా, శీర్షికకి ఇంక్‌స్కేప్, పేజీ కూర్చి పీడీఎఫ్ తీయడానికి స్క్రైబస్ వాడారు.

ఏ సాఫ్ట్‌వేర్ మంచిదన్న వాదనకి ఈ కేసులో పెద్ద పని లేదు. నాలుగూ తమ పని తాము సరిగ్గానే చేశాయి. తప్పులన్నీ ఫైల్ ఒకదాన్నుంచి ఇంకోదానికి వెళ్లేటప్పుడు జరిగాయి. మొదటి ప్రూఫ్‌లో (అచ్చు నమూనాలో) ఆకాశం ఊదారంగులోకి తిరిగింది, గీతల అంచున గులాబీ మసక కనబడింది, చీకటి భాగాల్లో ఇంకు ఆరక పై కాగితం వెనక్కి అంటుకుంది. మూడింటికీ కారణాలు వేరు, దొరికినవి మాత్రం సరిహద్దుల దగ్గరే.

కాన్వాస్ లెక్క

ఏ2 అంటే 420 × 594 మి.మీ. నాలుగు వైపులా 3 మి.మీ. బ్లీడ్ (కత్తిరింపులో పోయే అదనపు అంచు) కలిపితే 426 × 600. దాన్ని 300 పీపీఐతో (అంగుళానికి 300 పిక్సెళ్లతో) లెక్కిస్తే 5032 × 7087 పిక్సెళ్లు, అంటే సుమారు 3.57 కోట్లు. ఆర్‌జీబీకి (తెర వాడే ఎరుపు, ఆకుపచ్చ, నీలాలకి) ఆల్ఫా (పారదర్శకత) కలిపి 8 బిట్‌లో పిక్సెల్‌కి 4 బైట్లు, కాబట్టి పూర్తిగా నిండిన ఒక లేయర్ దాదాపు 143 ఎంబీ. 16 బిట్‌లో 285 ఎంబీ.

క్రితా లేయర్‌ని 64 × 64 పిక్సెళ్ల పలకలుగా దాచుకుంటుంది. ఖాళీ పలకకి మెమరీ పట్టదు. అందుకే గీతల లేయర్ తేలిగ్గా ఉంటుంది, ఆకాశం లేయర్ పూర్తి బరువు మోస్తుంది. చాలామంది మరిచేది గ్రూపుల సంగతి. ప్రతి గ్రూపు తన లోపలి లేయర్లు కలిసిన రూపాన్ని విడిగా ఉంచుకుంటుంది, అంటే అదీ ఒక లేయర్ బరువే. నీట్‌గా ఉంటుందని మూడేసి లేయర్లకి ఒక గ్రూపు చొప్పున కట్టుకుంటూ పోతే ఆ నీట్‌నెస్‌కి గిగాబైట్లలో అద్దె కట్టాలి.

ఇక్కడ 16 జీబీ ర్యామ్ ఉన్న కంప్యూటర్. క్రితా మామూలుగా అందులో సగం దాకా తీసుకుని, ఆ పైన డిస్క్ మీది స్వాప్‌కి (తాత్కాలిక నిల్వకి) వెళ్తుంది. ఆకాశం, నీరు, పొగమంచు, దీపస్తంభం, వెలుగు అన్నీ కలిపి నిండు లేయర్లు 12, గ్రూపులు 5. 16 బిట్‌లో 17 × 285 అంటే 4.8 జీబీ, దీనికి అన్‌డూ చరిత్ర అదనం. కాన్ఫిగర్ క్రితాలోని పెర్ఫార్మెన్స్ పేజీలో మెమరీ హద్దు 70 శాతానికి పెంచి, స్వాప్ ఫైల్‌ని ఎస్‌ఎస్‌డీ మీదికి మార్చి, అన్‌డూ సంఖ్య 60కి తగ్గించాక డిస్క్ తిరగడం ఆగింది.

అంత బరువైనా 16 బిట్ ఎందుకంటే ఆకాశం కోసం. రాత్రి ఆకాశంలో ముదురు నీలం నుంచి ఇంకాస్త ముదురు నీలానికి దిగే వాలు ఉంది. ఒక చానెల్‌లో (ఒక మూల రంగులో) విలువ 42 నుంచి 30కి దిగుతుందనుకుందాం, దూరం 3000 పిక్సెళ్లు. 8 బిట్‌లో ఆ మధ్య 12 మెట్లే ఉన్నాయి, ఒక్కో మెట్టు 250 పిక్సెళ్ల వెడల్పు. కంటికి చారలు స్పష్టంగా కనబడతాయి. 16 బిట్‌లో అవే 12 మెట్ల మధ్య ఒక్కోదానికి 256 చిన్న మెట్లు దొరుకుతాయి. ఒక జాగ్రత్త: చారలు పడ్డాక ఫైల్‌ని 16 బిట్‌కి మారిస్తే ఉన్న చారలు అలాగే 16 బిట్‌లో కూర్చుంటాయి. మొదట్లోనే మార్చాలి, లేదా ఆ లేయర్ మళ్లీ వేసుకోవాలి.

మొదటి సరిహద్దు: ఐప్యాడ్ నుంచి క్రితాకి

స్కెచ్‌ని ఏ3 కాన్వాస్ మీద వేసి, పీఎస్‌డీగా (ఫోటోషాప్ ఫైల్‌గా) తీసి, క్రితాలో ఏ2కి పెంచారు. ఏ3 నుంచి ఏ2కి 141 శాతం. స్కెచ్ కాబట్టి మసకబారినా నష్టం లేదు, తుది గీతలకి మాత్రం ఈ దారి పనికిరాదు.

రెండు చిక్కులు వచ్చాయి. మొదటిది క్లిప్పింగ్, అంటే ఒక లేయర్‌ని కింది ఆకారం దాటకుండా కట్టేయడం. ఫోటోషాప్ పద్ధతిలో క్లిప్పింగ్ మాస్క్ కింద ఉన్న ఒక్క బేస్ లేయర్‌కే కట్టుబడి ఉంటుంది. క్రితాలో ఇన్‌హెరిట్ ఆల్ఫా అలా కాదు, అదే గ్రూపులో తన కింద ఉన్న లేయర్లన్నిటి ఆల్ఫానీ కలిపి చూస్తుంది. గ్రూపు బయట పెడితే కింద ఉన్న నిండు కాగితం లేయర్ కూడా లెక్కలోకి వచ్చి, క్లిప్ పనిచేయనట్టే ఉంటుంది. పడవ నీడ నీళ్లమీదికి చిందింది ఇందుకే. పడవ బేస్ లేయర్‌నీ నీడ లేయర్‌నీ ఎంచుకుని కంట్రోల్+షిఫ్ట్+జీ కొడితే క్రితాయే క్లిప్పింగ్ గ్రూపు కట్టి పెడుతుంది.

రెండోది రంగు. ఐప్యాడ్ యాప్‌లో కాన్వాస్ విశాలమైన రంగుల పరిధి ఉన్న డిస్‌ప్లే పీ3 ప్రొఫైల్‌తో (అంకెలు ఏ రంగులో చెప్పే సమాచారంతో) తెరుచుకుంది. పీఎస్‌డీలో ప్రొఫైల్ లోపలే ఉంది కాబట్టి అది సరిగ్గానే వచ్చింది. రంగుల నమూనా షీట్‌ని మాత్రం మెసేజింగ్ యాప్‌లో పంపారు. అక్కడ బొమ్మ మళ్లీ కుదించబడి, ప్రొఫైల్ ఊడిపోయింది. పీ3 అంకెల్ని ఎస్‌ఆర్‌జీబీగా (మామూలు తెరల ప్రమాణంగా) చదివితే ప్రతి రంగూ కొంచెం చప్పబడుతుంది. కొంచెమే కాబట్టి ఎవరికీ అనుమానం రాదు, ఆ చప్ప రంగులకే మిగతావన్నీ సరిపోల్చుకుంటూ పోతారు. నమూనా షీట్‌ని ఎస్‌ఆర్‌జీబీకి మార్చి, జిప్‌లో కట్టి పంపడంతో ఈ గొడవ తీరింది.

పెన్ను, గీత

ఇది ఫైల్ సరిహద్దు కాదుగానీ చేతికీ కాన్వాస్‌కీ మధ్య సరిహద్దే. టాబ్లెట్ పలక 16:10, మానిటర్ 16:9. పలక మొత్తాన్ని తెర మొత్తానికి సాగదీస్తే చేతితో గుండ్రంగా గీసిన వలయం తెరమీద 11 శాతం వెడల్పుగా పడుతుంది. కన్ను దానికి సర్దుకుని చెయ్యి వంకర తిప్పడం నేర్చుకుంటుంది, తర్వాత వేరే పలక మీద అదే చెయ్యి తడబడుతుంది. డ్రైవర్‌లో నిష్పత్తి కాపాడే ఆప్షన్ టిక్ చేస్తే పలక కింద కొద్ది అంచు వృథా అవుతుంది, వలయం వలయంగా ఉంటుంది.

గీత మొదట్లో చుక్కలా ముద్ద పడటం ఇంకో ఫిర్యాదు. విండోస్‌లో పెన్నును నొక్కిపట్టుకుంటే రైట్ క్లిక్ అయ్యే సౌకర్యం ఆన్‌లో ఉంది. ఇది గీత గీతేనా లేక నొక్కిపట్టడమా అని సిస్టమ్ కాసేపు చూస్తుంది, అంతలో పెన్ను కదిలిపోతుంది. దాన్ని ఆపేయడంతో సగం పోయింది. మిగతా సగం ప్రెజర్ కర్వ్‌లో ఉంది. 8192 ప్రెజర్ స్థాయిలున్న పెన్నే అయినా, తేలిక స్పర్శ దగ్గరే కర్వ్ నిటారుగా లేస్తే ఆ స్థాయిలన్నీ వృథా. టాబ్లెట్ సెట్టింగ్స్‌లో కర్వ్ మొదటి పావు భాగాన్ని కిందికి వంచాక సన్న మొదలు దొరికింది. నిబ్ కొసన ఒక పక్క చదును తేలిందా అనేది కూడా చూడాలి. చదును పడిన నిబ్ వాలు మార్చినప్పుడల్లా గీరుకుని గీతలో మెట్టు వేస్తుంది.

గీతలు 6 నుంచి 8 పిక్సెళ్లు, అంటే అచ్చులో 0.5 నుంచి 0.7 మి.మీ. తాళ్లకీ తెరచాప కొయ్యకీ స్టెబిలైజర్ (చేతి వణుకు సర్దేది), అలలకి బేసిక్ స్మూతింగ్ చాలు. అలల మీద స్టెబిలైజర్ పెడితే అన్నీ ఒకే వంపుతో ప్లాస్టిక్‌లా వస్తాయి.

పెద్ద బ్రష్ ఈడ్చుకుపోవడం

పొగమంచుకి 600 పిక్సెళ్ల స్మడ్జ్ (రంగు పులిమే) బ్రష్ వాడితే గీత పెన్ను వెనక అర సెకను ఆలస్యంగా వచ్చింది. దీనికి కంప్యూటర్‌ని తిట్టుకునే ముందు లెక్క వేయాలి. 600 వ్యాసం ఉన్న ఒక్కో ముద్రలో 2.8 లక్షల పిక్సెళ్లు. స్పేసింగ్ (ముద్రల మధ్య దూరం, వ్యాసంలో వంతుగా) 0.05 అంటే ప్రతి 30 పిక్సెళ్లకి ఒక ముద్ర, 3000 పిక్సెళ్ల గీతకి 100 ముద్రలు, 2.8 కోట్ల పిక్సెళ్ల పని. స్మడ్జ్ కాబట్టి ప్రతి ముద్రకీ కింద ఉన్న రంగు చదవాలి కూడా. స్పేసింగ్ 0.15 చేస్తే 33 ముద్రలే. మంచులాంటి మెత్తని అంచుకి తేడా కనబడదు, గట్టి అంచు బ్రష్‌కి అయితే పూసల దండలా కనబడుతుంది. మామూలు పిక్సెల్ బ్రష్‌లకి ఇన్‌స్టంట్ ప్రివ్యూ, షిఫ్ట్+ఎల్, ఆన్ చేస్తే చాలు.

రంగు నింపడం, మూడు పిక్సెళ్ల కథ

ఈ పనిలో అన్నిటికంటే ఎక్కువ ఫలితం ఇచ్చిన సెట్టింగ్ ఫిల్ టూల్‌లోని గ్రో సెలెక్షన్. గీతల అంచు మెత్తగా, సగం పారదర్శకంగా ఉంటుంది. ఫిల్ ఆ మెత్తని అంచు దగ్గరే ఆగిపోతే గీతకీ రంగుకీ మధ్య తెల్లటి వెంట్రుకలాంటి సందు మిగులుతుంది. తెరమీద 25 శాతం జూమ్‌లో అది కనబడదు, అచ్చులో కనబడుతుంది.

గ్రో 3 పిక్సెళ్లు పెట్టారు. 6 పిక్సెళ్ల గీతకి అది సరిగ్గా నడిమధ్య. రెండు వైపుల నుంచీ రంగులు గీత కిందికి వచ్చి కలుస్తాయి. 300 పీపీఐలో 3 పిక్సెళ్లంటే 0.25 మి.మీ. ప్రెస్‌లో నల్ల ప్లేటు అంతదాకా పక్కకి జరిగినా తెల్ల కాగితం బయటపడదు. అంటే ఈ చిన్న అంకె రెండు పనులు చేస్తోంది: తెరమీద సందు మూయడం, ప్రెస్‌లో రిజిస్టర్ (ప్లేట్ల పొందిక) కదిలితే కాపాడటం. రెండో పని జరగాలంటే గీతలు తుదిదాకా విడి లేయర్‌గా ఉండాలి, కింది రంగు గీత కింద కూడా ఉండాలి. చివర్లో అంతా మెర్జ్ చేసి ఒకే బొమ్మగా సీఎంవైకేకి (సయాన్, మెజెంటా, ఎల్లో, బ్లాక్ ఇంకులకి) మారిస్తే ఈ రక్షణ మొత్తం పోతుంది. మొదటి ప్రూఫ్‌కి ముందు జరిగింది అదే.

రెండో సరిహద్దు: ఆర్‌జీబీ నుంచి సీఎంవైకేకి

మెర్జ్ చేసిన బొమ్మలో గీత రంగు ఆర్‌జీబీ 0, 0, 0. ప్రొఫైల్ దాన్ని నాలుగు ఇంకుల మిశ్రమంగా మారుస్తుంది. దాంతో అర మిల్లీమీటరు గీతని నాలుగు ప్లేట్లు కలిసి అచ్చు వేయాలి. భూతద్దం పెట్టి చూస్తే గీతకి ఒక పక్క గులాబీ, మరో పక్క సయాన్ అంచు కనబడింది. ఏ ప్రెస్ మీద అయినా ఎంతో కొంత కదులుతుంది, ఆ కదలిక నాలుగు ఇంకుల గీతలో దాగదు. నల్ల ఇంకు ఒక్కటే ఉంటే గీతకి కదలడానికి జత ఉండదు.

సరిచేసిన తీరు ఇది. పని ఫైల్, అంటే ఆర్‌జీబీ మాస్టర్, ముట్టుకోలేదు. దాని కాపీలో గీతల లేయర్ దాచి, మిగతావి ఫ్లాటెన్ చేసి, ఇమేజ్ మెనూలోని కన్వర్ట్ ఇమేజ్ కలర్ స్పేస్‌తో సీఎంవైకే 8 బిట్‌కి మార్చారు. క్రితాలో మామూలుగా ముందుకొచ్చే కెమికల్ ప్రూఫ్ ప్రొఫైల్‌ని వదిలి, ప్రెస్ అడిగిన ఐఎస్ఓ కోటెడ్ వీ2 300 శాతం ప్రొఫైల్ పెట్టారు. రెండరింగ్ ఇంటెంట్ (అందని రంగుల్ని సర్దే పద్ధతి) రెలెటివ్ కలరిమెట్రిక్, బ్లాక్ పాయింట్ కాంపెన్సేషన్ ఆన్. తర్వాత మాస్టర్ నుంచి గీతల లేయర్‌ని కాపీ చేసి ఇందులో పేస్ట్ చేశారు. పేస్ట్ కాగానే నలుపు మళ్లీ నాలుగు ఇంకుల నలుపు అయిపోతుంది, కంగారు పడక్కర్లేదు, ఆకారం ఆల్ఫాలో భద్రంగానే ఉంది. ఆల్ఫా లాక్ వేసి, స్పెసిఫిక్ కలర్ సెలెక్టర్‌లో సయాన్ 0, మెజెంటా 0, ఎల్లో 0, బ్లాక్ 100 పెట్టి లేయర్ మొత్తం నింపితే గీత ఒక్క ఇంకుకి దిగుతుంది. బ్లెండింగ్ మల్టిప్లై, అంటే కింది ఇంకులు అలాగే ఉండి వాటి మీద గీత కలుస్తుంది.

ఇక్కడ నమ్మకం మీద వదలకూడదు. చానెల్స్ డాకర్ తెరిచి బ్లాక్ ఆపి చూడాలి. మిగిలిన మూడు చానెళ్లలో గీతల జాడ అసలు ఉండకూడదు, రంగులు గీత కింద ఎడతెగకుండా సాగాలి. నార్మల్‌లో ఉంచేస్తే గీత ఆకారంలో కింద రంగు తొలిగిపోయి తెల్ల కాలువలు కనబడతాయి. అప్పుడు 0.25 మి.మీ. రక్షణ మళ్లీ సున్నా.

మల్టిప్లైకి ఒక ఖరీదు ఉంది, మూడో ఫిర్యాదైన ఇంకు ఆరకపోవడాన్ని అది ఇంకా పెంచగలదు. ఆకాశంలో ముదురు భాగం సయాన్ 100, మెజెంటా 80, ఎల్లో 40, బ్లాక్ 40, మొత్తం 260 శాతం. దాని మీద గీత పడితే బ్లాక్ 100 అవుతుంది, మొత్తం 320. ఒక చోట పడే మొత్తం ఇంకుకి ప్రొఫైల్ హద్దు 300. మార్పిడి వేళ ప్రొఫైల్ హద్దు పాటించింది, మార్పిడి తర్వాత మనం వేసిన లేయర్‌కి ఆ కాపలా లేదు. ఆకాశాన్ని సయాన్ 90, మెజెంటా 65, ఎల్లో 20, బ్లాక్ 35కి దించితే మొత్తం 210, గీత మీద 275. ఇంకు ఆరింది. ఆకాశం ఊదారంగు పోవడానికీ ఇదే సాయపడింది. ముద్రణలో నీలం నీలంగా ఉండాలంటే మెజెంటా సయాన్‌కి బాగా వెనకబడి ఉండాలి, రెండూ దగ్గరపడ్డ కొద్దీ వంగపండు రంగే. 100, 80 కంటే 90, 65 కంటికి శుభ్రంగా కనబడింది.

ఈ రంగు పోకడ ముందే తెలిసేది. క్రితాలో కంట్రోల్+వై సాఫ్ట్ ప్రూఫ్ (అచ్చు ఎలా వస్తుందో తెరమీదే చూపేది), కంట్రోల్+షిఫ్ట్+వై గాముట్ వార్నింగ్ (అచ్చుకి అందని రంగుల్ని చూపేది). పెయింటింగ్ మొదలైన రోజే ప్రెస్ ప్రొఫైల్ పెట్టి, పూట పూటకీ ఒకసారి నొక్కి చూడాలి. రోజంతా ఆన్‌లో ఉంచి వేయడం మాత్రం వద్దు, కన్ను చప్ప రంగులకి అలవాటుపడి ఆర్‌జీబీ మాస్టర్ కూడా చప్పబడుతుంది.

సీఎంవైకే కాపీని టిఫ్‌గా తీసేటప్పుడు ఫ్లాటెన్ ఆన్, ఆల్ఫా ఆఫ్, ప్రొఫైల్ లోపల ఉంచడం ఆన్, కంప్రెషన్ ఎల్‌జెడ్‌డబ్ల్యూ (నాణ్యత తగ్గించనిది). జేపెగ్ కంప్రెషన్ కూడా అదే జాబితాలో ఉంటుంది, చేయి జారితే గీతల చుట్టూ దోమలు మూగినట్టు మచ్చలు.

మూడో సరిహద్దు: శీర్షిక

శీర్షికని ఇంక్‌స్కేప్‌లో దిద్ది, షిఫ్ట్+కంట్రోల్+సీతో పాత్‌గా మార్చారు. తెలుగు అక్షరాలకి ఇది మరీ అవసరం, ఒత్తులూ గుణింతాలూ ఫాంట్ లేని కంప్యూటర్‌లో విడిపోయి పక్కపక్కన కూర్చుంటాయి. ఎడిట్ చేయదగ్గ అసలు పాఠం ఉన్న ఫైల్ విడిగా ఉంచుకోవాలి. పాత్‌గా మార్చాక అక్షరదోషం దొరికితే దిద్దే దారి ఉండదు.

ఎస్‌వీజీలో నలుపు ఆర్‌జీబీ నలుపే. స్క్రైబస్‌లోకి వెక్టర్‌గా ఇంపోర్ట్ చేస్తే రంగుల జాబితాలో ఫ్రమ్‌ఎస్‌వీజీ#000000 అన్న పేరుతో చేరుతుంది. చాలామంది ఆ పేరు చూసి నలుపే కదా అని వదిలేస్తారు. దాన్ని ఎడిట్ మెనూలోని కలర్స్‌లో సీఎంవైకే 0, 0, 0, 100గా మార్చి, ప్రాపర్టీస్‌లో ఓవర్‌ప్రింట్ (కింది రంగు తొలగించకుండా దాని మీదే అచ్చు వేయడం) పెట్టారు. వెనక లేత పసుపే కాబట్టి ఓవర్‌ప్రింట్ చేసినా అక్షరం రంగు మారదు, అంచున తెల్ల సందు రాదు.

నాలుగో సరిహద్దు: పీడీఎఫ్

స్క్రైబస్ పేజీ 420 × 594, బ్లీడ్ 3. కలర్ మేనేజ్‌మెంట్ ఆన్ చేసి, టిఫ్‌లోని ప్రొఫైల్, డాక్యుమెంట్ అవుట్‌పుట్ ప్రొఫైల్ ఒకటేనని చూసుకోవాలి. వేరైతే బొమ్మ సీఎంవైకే నుంచి సీఎంవైకేకి ఇంకోసారి మారి, ఎంతో శ్రమపడి సాధించిన ఒంటి ఇంకు నలుపు మళ్లీ నాలుగైపోతుంది. ఎగుమతి పీడీఎఫ్/ఎక్స్-3 (ముద్రణకి వాడే పీడీఎఫ్ ప్రమాణం). ఇన్ఫో స్ట్రింగ్ గడి ఖాళీగా ఉంటే సేవ్ కాదు, ఏదో ఒక పేరు రాయాలి. ఇమేజ్ కంప్రెషన్ ఆటోమేటిక్‌లో వదలకుండా లాస్‌లెస్ జిప్ ఎంచుకోవాలి. ప్రింట్ ప్రివ్యూలో ఇంకు కవరేజ్ చూపించే ఆప్షన్‌కి 300 హద్దు పెడితే దాటిన చోట్లు కనబడతాయి. ఇక్కడ పడవ అడుగున రెండు చోట్ల దొరికాయి, క్రితాకి వెనక్కి వెళ్లి దించారు.

ఫైళ్ల భద్రత గురించి ఒక్క మాట. క్రితాలో కంట్రోల్+ఆల్ట్+ఎస్ నొక్కితే అంకె పెరుగుతూ కొత్త వెర్షన్ సేవ్ అవుతుంది. క్రితా సొంత కేఆర్‌ఏ ఫైల్ లోపల ఉన్నది జిప్పే. తెరుచుకోకుండా మొరాయిస్తే పేరు చివర జిప్ అని మార్చి విప్పితే, అదృష్టం బాగుంటే మెర్జ్‌డ్‌ఇమేజ్ అన్న పీఎన్‌జీ దొరుకుతుంది. లేయర్లు పోయినా బొమ్మ మిగులుతుంది.

లాంతరు

రెండో ప్రూఫ్‌లో ఆకాశం, గీతలు, ఇంకు మూడూ సర్దుకున్నాయి. మిగిలింది లాంతరు. తెరమీద అది ఆర్‌జీబీ 0, 255, 200, చీకట్లో మెరిసే పచ్చనీలం. ఆ రంగు నాలుగు ఇంకులకి అందదు, ఏ రెండరింగ్ ఇంటెంట్ పెట్టినా బూడిద కలిసిన ఆకుపచ్చే వచ్చింది. విడిగా ఐదో ఇంకు వేసే అవకాశం ఈ పనిలో లేదు.

పరిష్కారం సెట్టింగ్‌లలో దొరకలేదు, బొమ్మలో దొరికింది. లాంతరు నడిమిని తెల్ల కాగితంగా వదిలేశారు, అచ్చులో అంతకంటే వెలుగైనది ఇంకోటి లేదు. చుట్టూ సయాన్ 55, ఎల్లో 35తో సన్నని వలయం, మెజెంటా, బ్లాక్ రెండూ సున్నా. ఆ రెండింట్లో ఏది చేరినా వలయం మురికిబారుతుంది. పడవ కొయ్యని ఇటుకరంగు వైపు జరిపారు, లాంతరు వెనక ఆకాశంలో సయాన్‌ని కొంచెం తగ్గించి బూడిద చేశారు. చుట్టుపక్కల పచ్చనీలం అన్నది లేకపోయేసరికి ఆ లేత వలయమే వెలుగుతున్నట్టు కనబడింది. మూడో ప్రూఫ్ దానితో ఖాయమైంది. ఆర్‌జీబీ మాస్టర్‌లో లాంతరు పాత రంగులోనే ఉంది, తెరలకి వెళ్లే ఫైళ్లు అక్కడి నుంచే తీయాలి కాబట్టి.